ముల్లుతో పెళ్లిళ్లు

పొద్దు చెట్లెక్కకముందే తోటలో ఉండాలి.
వనిల్లా పువ్వు ఒక్క పూటే తెరుచుకుంటుంది,
మధ్యాహ్నానికి తలుపేసుకుంటుంది.
ఆలస్యమైందని బతిమాలినా వినదు.

సువాజారా పిన్ని కొప్పులో నారింజ ముల్లు.
నా సంచిలో ఆరో తరగతి పుస్తకం,
అందులో నిలువునా కోసిన మందారం,
భాగానికో గీత, గీత చివర ఒక పేరు.

"ఏదీ, చదువు," అంది పిన్ని తీగ వంచుతూ.
చదివాను.
రక్షక పత్రాలు: మొగ్గను కాపాడును.
ఆకర్షక పత్రాలు: కీటకములను పిలుచును.
పిన్ని పువ్వును అటూ ఇటూ తిప్పింది.
"ఇందులో కాపలా ఎవరు, పిలిచేదెవరు?
అయిదూ ఒకటే లేతపచ్చ, ఒకటే పొడుగు,
ఒకే తానులో చింపిన గుడ్డ కట్టుకున్న అక్కచెల్లెళ్లు."

ఆరోది మాత్రం వేరు.
అంచున కుచ్చిళ్లు పోసిన బాకా,
లోపల పసుపు నూగు,
తేనెటీగ కాలు జారకుండా వేసిన మెట్లు.
ఆ ఈగ మా దేశంలో లేదు.
తీగ ఓడెక్కి వచ్చింది,
ఈగ అవతలి ఒడ్డునే ఉండిపోయింది.
"అందుకే మనం," అంది పిన్ని,
"రెక్కల్లేని ఈగలం. రోజుకి వెయ్యి పూలు."

ముల్లుతో బాకాను చీరింది,
ఉత్తరం కవరు చించినంత తేలిగ్గా.
లోపల ఒకటే స్తంభం.
మందారంలో ఎవరికి వారే నిలబడ్డ కేసరాలూ కీలమూ
ఇక్కడ ఒంటికి ఒళ్లు అతుక్కుపోయాయి.
పైన చిన్న టోపీ కింద పుప్పొడి,
దిగువన తడితడిగా కీలాగ్రం,
మధ్య దూరం బియ్యపు గింజంత.
అంత దగ్గరలో ఉండీ
ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.
నడుమ నాలుకలాంటి పల్చటి పొర.

"దీన్నేమంటారు మీ బళ్లో?"
పుస్తకంలో లేదు.
"మేం రేవు గుమాస్తా అంటాం,
అంతలాహా రేవులో ఉంటాడు చూడు,
పనేం చెయ్యడు, అడ్డంగా నిలబడతాడు."
ముల్లుతో గుమాస్తాను పైకెత్తి
బొటనవేలితో ఒక్క నొక్కు.
పెళ్లి అయిపోయింది.
పిన్ని అప్పటికే పక్క తీగ దగ్గరుంది.

మొదటి రోజు నేను పాడుచేసినవి నలభై.
కొన్నింటిని గుచ్చేశాను,
కొన్నింటిని భయంతో సరిగా ముట్టుకోనేలేదు.
"గుత్తికి పది చాలు, తక్కినవి గిల్లెయ్.
అన్నిటికీ పెళ్లి చేస్తే తల్లితీగ చస్తుంది."
గిల్లిన మొగ్గలు ఒళ్లో వేసుకున్నాను.
వాటికి వాసన కూడా పెద్దగా లేదు.
ప్రపంచమంతా ఎగబడే ఆ వాసన
పువ్వుది కాదట,
కోసి, ఉడికించి, దుప్పట్లో చుట్టి,
నెలల తరబడి ఎండలో కూర్చున్న కాయదట.

మర్నాడు, వదిలేసిన పూలు నేల మీద.
ముట్టిన పూలు వాడిపోయాయి గానీ ఊడలేదు.
అప్పుడు చూశాను,
పువ్వు వెనక సన్నటి ఆకుపచ్చ కాడ.
దాన్ని పట్టుకునే కదా ఇన్నాళ్లూ గుత్తి వంచాను!
వారానికి అది బరువెక్కి కిందికి వంగింది.
కాడ కాదు, అండాశయం.
మందారంలో రేకుల మధ్య దాక్కునేది
ఇక్కడ అందరికీ కింద, బయట,
ఎండలో నిలబడి పువ్వును మోస్తోంది.

కాయలు పచ్చిగా ఉన్నప్పుడే
గుండుసూదులతో గుర్తు పొడిచాం, దొంగల భయం.
పిన్నికి అక్షరాలు రావు,
మూడు చుక్కలూ ఒక గీతా ఆమె సంతకం.
కాయ పెరిగేకొద్దీ సంతకమూ పెరుగుతుంది.
చివరన ఎండిన పువ్వు
విప్పడం మరిచిన టోపీలా ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

జూన్ పరీక్షలో అడిగారు:
పుష్పం పటము గీసి భాగములు గుర్తించుము.
నేను మందారం గియ్యలేదు.
అన్నీ సరిగ్గానే రాశాను,
ఒక్క గీత చివర మాత్రం 'రేవు గుమాస్తా'.
జావుమానా మాస్టారు దాని చుట్టూ
ఎర్రసిరాతో రెండుసార్లు సున్నా చుట్టాడు.

"ఎన్నొచ్చాయి?" అంది పిన్ని,
కాయల మీది మంచు తుడుస్తూ.
"పదికి ఆరు."
ఆమె కాసేపు లెక్కేసింది.
"పర్లేదు," అంది. "నాలుగే రాలాయి."